పుట్టుక ఎవరికి తెలుస్తుంది?

పతంజలి యోగసూత్రాల సాధనపాదంలో 39వ సూత్రం దగ్గర చాలాకాలంగా నాకు బండి ముందుకు సాగడం లేదు. అపరిగ్రహం, అంటే పోగుచేసుకోకపోవడం, స్థిరపడినవాడికి తన జన్మల పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయని దాని సారం. తక్కిన యమాల, అంటే యోగి పాటించాల్సిన నిగ్రహాల, ఫలాలతో నాకు పేచీ లేదు. అహింస నిలిచినచోట వైరం ఉండదన్నారు, సరే. దొంగతనం మానినవాడి దగ్గరికి రత్నాలే నడిచొస్తాయన్నారు, అదీ సరే. కానీ పోగుచేయకపోవడానికీ పుట్టుక తెలియడానికీ ఏమిటి సంబంధం? నేను కామిక్ పుస్తకాలు పోగుచేస్తాను. అందులోనూ ఒక పాత్ర, ఒక కథ ఎలా పుట్టిందో తెలుసుకోవడానికే పోగుచేస్తానని చెప్పుకుంటాను. సూత్రం సరిగ్గా నా మీదే వేలుపెట్టి చూపిస్తున్నట్టుంది.

నాకు పిచ్చి ఉన్నది దుకాణంలో అమ్మిన సంచికల మీద కాదు, వాటికంటే ముందు వచ్చిన నమూనా ప్రతుల మీద. అమెరికాలో వీటిని ఆష్‌కాన్‌లంటారు, చెత్తబుట్టలోకి పోయే సరుకని. నా దగ్గరున్నవన్నీ 1990ల నాటివి. కొత్త సిరీస్ రాబోతోందని ఊరించడానికి ప్రచురణకర్తలు కామిక్ సభల్లోనూ దుకాణాల్లోనూ పంచినవి. ఒకదాన్ని తెరిచి చూపిస్తాను. మామూలు జిరాక్స్ కాగితం సగానికి మడిచి, మధ్యలో రెండు పిన్నులు కొట్టారు. ఒక పిన్ను వంకర. లోపలి బొమ్మలు సిరా ఎక్కని పెన్సిల్ గీతలే. ఒక పేజీలో మాటల బుడగలు ఉన్నాయి గానీ మాటలు లేవు. హీరో నోరు తెరిచి ఉన్నాడు, ఏమంటాడో గీసినవాడికే ఇంకా తేలలేదు. అచ్చయిన సంచికలో ఈ సందిగ్ధం కనబడదు. అందుకే నాకిది ఇష్టం.

అసలు ఆష్‌కాన్‌లు 1930, 40లవి. అవి పాఠకుల కోసం పుట్టినవి కావు. ఒక పత్రిక పేరు మీద హక్కు కావాలంటే ఆ పేరుతో సరుకు రాష్ట్రాల మధ్య వర్తకంలో కదిలినట్టు చూపించాలి. అందుకని చేతికందిన పాత బొమ్మ అట్టగా వేసి, లోపల పాత పేజీలేవో కుట్టి, పైన కొత్త పేరు పెట్టి, నాలుగు ప్రతులు చేసి పోస్టులో పంపేవారు. ఫాసెట్ సంస్థ ఇలాగే ఫ్లాష్ కామిక్స్, థ్రిల్ కామిక్స్ అనే పేర్ల కోసం ఆష్‌కాన్‌లు వేసింది. ఆ పేర్లు దక్కలేదు. చివరికి పత్రిక విజ్ కామిక్స్ పేరుతో రెండో సంచికగా వచ్చింది, మొదటి సంచిక అనేదే లేదు. ఆష్‌కాన్‌లో కెప్టెన్ థండర్‌గా ఉన్నవాడు ఇందులో కెప్టెన్ మార్వెల్ అయ్యాడు. మేం పుట్టుకకు సాక్ష్యమని కళ్లకద్దుకునే కాగితం నిజానికి ఒక పేరు మీద జెండా పాతడానికి పుట్టింది. పరిగ్రహానికి పుట్టిన బిడ్డను మళ్లీ పరిగ్రహిస్తున్నామన్నమాట.

యోగసూత్రాలకు వ్యాఖ్యానమైన వ్యాసభాష్యం పోగుచేయడంలో అయిదు దోషాలు చెబుతుంది: ఆర్జన, రక్షణ, క్షయం, సంగం, హింస. మొదటి నాలుగూ ఏ కామిక్ పిచ్చివాణ్ణి అడిగినా చెబుతాడు. వేలంలో పోటీపడి కొనడం ఆర్జన. మైలార్ కవరు, యాసిడ్ లేని అట్ట, వెలుతురు సోకని గది, ఇదంతా రక్షణ. ఎంత చేసినా చవక కాగితం పసుపెక్కుతుంది, పిన్ను తుప్పు పడుతుంది, అది క్షయం. సంగం అంటే అంటిపెట్టుకోవడం, దాని గురించి మా ఆవిడను అడగండి. 2000లో సీజీసీ అనే గ్రేడింగ్ సంస్థ వచ్చాక రక్షణ ఇంకో మెట్టెక్కింది. పుస్తకానికి పదికి ఇన్ని అని మార్కు వేసి గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి పంపుతారు. చదవాలంటే పలక పగలగొట్టాలి, పగలగొడితే మార్కు పోతుంది.

అయిదోది, హింస, నాకు ఆలస్యంగా అర్థమైంది. కాగితం కొంటే ఎవరికి దెబ్బ? సూపర్‌మ్యాన్‌ను సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టర్‌లకు 1938 మార్చి 1న ప్రచురణకర్త ఇచ్చిన 412 డాలర్ల చెక్కు ఒకటుంది. అందులో 130 డాలర్లు సూపర్‌మ్యాన్ మీద సర్వహక్కులకు. 2012లో ఆ చెక్కు కాగితమే వేలంలో 1,60,000 డాలర్లు పలికింది. తమ సృష్టి మీద హక్కు కోసం దశాబ్దాలు కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లు వాళ్లు. వాళ్లు నష్టపోయిన రోజుకు గుర్తుగా మిగిలిన కాగితం మాకు నిధి. ఆ నిధికి వెల పెంచేది కూడా వాళ్ల నష్టమే.

ఇదంతా మా న్యూజెర్సీలో శనివారాలు సూత్రపాఠం చెప్పే మాస్టారి ముందు పెట్టాను. ఆయన నవ్వి, "మరి పోగుచేసేవాళ్లే లేకపోతే నీకా కాగితం మిగిలేదా నాయనా? మన తాళపత్రాలు మాత్రం ఎవరో ఒకరు అటకమీద దాచబట్టే కదా దక్కాయి!" అన్నారు.

"దాచడం వేరు, నాదనడం వేరు కదండీ మాస్టారూ."

"ఆ తేడా ఎక్కడ బయటపడుతుందో చూసుకో ముందు" అని పుస్తకం మూశారు.

అది బయటపడే చోటు నాకు మోషన్ పిక్చర్ ఫన్నీస్ వీక్లీలో దొరికింది. 1939లో సినిమా హాళ్లలో ఉచితంగా పంచాలని తలపెట్టిన పత్రిక. హాళ్లవాళ్లు ఆసక్తి చూపలేదు, పథకం నమూనా ప్రతులతోనే ఆగిపోయింది. ఆ ప్రచురణకర్త చనిపోయాక, 1974లో, ఆయన కాగితాల్లో కొన్ని ప్రతులు బయటపడ్డాయి. బిల్ ఎవరెట్ గీసిన సముద్రవీరుడు నేమర్ కథ అందులో ఎనిమిది పేజీలు. అదే కథ మరి నాలుగు పేజీలు పెరిగి అదే ఏడాది మార్వెల్ కామిక్స్ మొదటి సంచికలో వచ్చింది. నమూనాలో ఎనిమిదో పేజీ చివర "వచ్చేవారం కొనసాగుతుంది" అని చిన్న పెట్టెలో రాసుంది. మార్వెల్ సంచికలో అక్షరాలు తీసేశారు, పెట్టె మాత్రం అలాగే ఉంది, ఖాళీగా. కథ అక్కడ ఎందుకు ఒక్క క్షణం ఆగినట్టుంటుందో ఆ ఖాళీ పెట్టె చెబుతుంది. ఇది తెలియడానికి నేను ఆ నమూనా కొననక్కర్లేదు. బొమ్మలు పక్కపక్కన పెట్టుకు చూస్తే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు. నేమర్ పుట్టింది ఎందులో? జనానికి చేరని నమూనాలోనా, బజారులో అమ్మిన సంచికలోనా? చేరకపోతే అచ్చు కాదా అని ఒకరు, ఎవరూ చదవనిది ప్రచురణ ఎలా అవుతుందని ఇంకొకరు. వినదగ్గ తగువే. కానీ "మొదటి దర్శనం" అన్న ముద్ర ఏ ప్రతికి పడితే దాని వెల ఆకాశానికి పోతుంది. నమూనా చేతిలో ఉన్నవాడు నమూనాయే మొదటిదంటే, సంచిక చేతిలో ఉన్నవాడు సంచికేనంటే, నేను ఆశ్చర్యపోను. ఇద్దరూ అబద్ధమాడనక్కర్లేదు, ఎవరికి వారు మనస్ఫూర్తిగా నమ్మే చెప్పవచ్చు. కక్షిదారే సాక్షి అయిన దావాలో నిజం తేలదు.

సూత్రం అంటున్నది ఇదేనని నాకు తోస్తోంది. అపరిగ్రహానికి బహుమతిగా ఎవరో దివ్యదృష్టి ఇవ్వరు. పట్టుకున్న చేయి వదిలితే సాక్ష్యం శుభ్రపడుతుంది, అంతే. నేనెవరు, ఎలా ఉండేవాణ్ణి, ఏమవుతాను అన్నవి భాష్యం చెప్పిన ప్రశ్నలు. మా వంశం, మా ఊరు, మా ప్రతిభ అని అంటిపెట్టుకున్నవాడు వాటికి జవాబు ముందే రాసిపెట్టుకుని ఉంటాడు. ఏ ఇంట్లో చూసినా తాతముత్తాతలందరూ దానకర్ణులే, అప్పు ఎగ్గొట్టినవాడు ఒక్కడూ కనబడడు. మన పుట్టుక మనకు తెలియకపోవడానికి జ్ఞాపకం చాలకపోవడం ఒక్కటే కారణం కాదు, ఆ కథలో మన పెట్టుబడి ఉంది.

మాస్టారి మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. దాచేవాళ్లు కావాలి. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ గ్రంథాలయంలో కామిక్స్‌ను పెద్దయెత్తున భద్రపరుస్తున్నారు. అడిగినవాడికి తెరిచి చూపిస్తారు, ఏది మొదటిదని తేలినా వాళ్లకు ఒరిగేదీ పోయేదీ లేదు. కాపాడడంలో దోషం లేదు, కాపాడినదాని కథ మనకు లాభంగా తిప్పుకోవడంలో ఉంది.

నా పెట్టె నేను అమ్మేయలేదు, ఆ వైరాగ్యం ఇంకా రాలేదు. ఒక్క నియమం మాత్రం పెట్టుకున్నాను. ఏ నమూనా గురించి నలుగురిలో మాట్లాడినా, అది నా దగ్గర ఉంటే ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మాట్లాడతాను. నా మాటలో ఎంత తరుగు తీసుకోవాలో వినేవాళ్లు చూసుకుంటారు.