ఖాళీ నేల చిత్రం: వికారాబాదు గుట్టలపై ఒక అభావ విచారం

వికారాబాదు చుట్టూ ఉన్న పీఠభూమి దక్కను లావా పొరలకు తూర్పు అంచు. ఆ నల్లరాతి మీద కాలక్రమంలో ఎర్రని లేటరైట్ పొర గట్టిపడింది. అనంతగిరి వాలుల్లో అడవి చిక్కగానే ఉన్నా, మట్టి పలుచగా ఉన్న గుట్టల నెత్తిన చాలాచోట్ల గడ్డి, తంగేడు, రేగు, అక్కడక్కడ మోదుగ మాత్రమే కనిపిస్తాయి. పడమరగా తాండూరు చేరేసరికి నేల మారి నాపరాయి పరుపు బయటపడుతుంది. వానాకాలం చివర ఈ బయళ్లను ఫొటో తీసేవారు మనిషి జాడ పడకుండా చూసుకోవడం మామూలు. చిత్రం చూసినవారికి అది ఎవరూ అడుగుపెట్టని ప్రకృతిలా తోస్తుంది. ‘ఇక్కడ ఎవరూ లేరు’ అని ఒక చిత్రం చెప్పగలదా? లేమిని తెలుసుకోవడం ఎలాగన్నది భారతీయ దర్శనాలు శతాబ్దాలపాటు వాదించిన విషయం.

ముందుగా నేల సంగతి. గడ్డి మొదలు దగ్గర నుంచి పెరుగుతుంది కనుక మేతను తట్టుకుంటుంది, చెట్ల లేత మొలకలు తట్టుకోలేవు. పశువులు సాధారణంగా ముట్టని తంగేడు మిగిలిపోయి విస్తరిస్తుంది. బతుకమ్మ నాటికి గుట్ట పచ్చగా పూసిందంటే, తరతరాలుగా అక్కడ మంద మేసిందనడానికి అదొక గుర్తు. కురుమల, గొల్లల గొర్రెలు, తండాల ఆవులు తిరిగిన ఇలాంటి మేతభూములే నిజాం కాలపు దస్త్రాల్లో గైరానులుగా, కంచెలుగా నమోదయ్యాయి. దక్షిణాన పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో రేమండ్ ఆల్చిన్ 1957లో తవ్విన బూడిద దిబ్బ ఈ కథను నాలుగు వేల ఏళ్లకు పైగా వెనక్కి తీసుకుపోతుంది. దొడ్డిలో పేరుకున్న పేడను మళ్లీ మళ్లీ కాల్చగా ఏర్పడిన ఆ దిబ్బలో పశువుల గిట్టల అచ్చులు సైతం దొరికాయి. మనిషి చేయి పడని నేలగా పేరుబడ్డ ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బయళ్లు కూడా చాలావరకు చరిత్రపూర్వ మానవులు చెట్లు కొట్టి, మందలు మేపి తెరిపి చేసినవే.

ఇక దర్శనాల మాట. ‘నేల మీద కుండ లేదు’ అన్న జ్ఞానం ఎలా కలుగుతుంది? ప్రాభాకర మీమాంసకులకు అక్కడ ఉన్నది కేవలం నేలే, లేమి అనే వేరే వస్తువు లేదు. నైయాయికులకు అభావం, అంటే లేమి, నిజమైన పదార్థం, కంటికే తెలుస్తుంది. కుమారిలభట్టు దానికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని ఒప్పుకున్నాడు. అయితే ఒక షరతు ఉంది: వస్తువు ఉంటే తప్పక కనపడే చోటే, కనపడకపోవడం దాని లేమికి ప్రమాణం అవుతుంది. చీకటిగదిలో కుండ కనిపించలేదని కుండ లేదనలేం. మనుషులను ఏరి పక్కకు తప్పించిన చిత్రానికి ఈ అర్హత లేదు. అక్కడ కాపరి ఉన్నా కనపడడు, కనపడకుండా చేసింది తీసినవారే. కెమెరా స్వభావం రీత్యా ప్రాభాకర పక్షం: అది వట్టి నేలనే ఇస్తుంది. అభావాన్ని గుర్తించాలంటే లేనిదేదో, అంటే దాని ప్రతియోగి ఏదో, చూసేవారికి ముందే తెలిసి ఉండాలి.

తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తర్కసంగ్రహంలో అభావాన్ని నాలుగుగా విభజించాడు. ఈ ప్రశ్నకు వాటిలో రెండు కీలకం. ఎన్నడూ లేకపోవడం అత్యంతాభావం, ఉండి పోవడం ప్రధ్వంసాభావం. నిర్జన ప్రకృతిగా చూపే చిత్రం రెండోదాన్ని మొదటిదానిగా మారుస్తుంది. ఇది చిన్న పొరపాటు కాదు. ఎన్నడూ ఎవరూ లేరన్న నేల మీద ఎవరికీ హక్కు కనిపించదు. తాండూరు నాపరాతి గనుల గోతులకు ఈ ప్రమాదం తక్కువ, తవ్విన అంచులే పోయిన రాతిని పట్టిస్తాయి. మేత మాత్రం అంత స్పష్టమైన గాటు వదలదు.

మతభావన ఈ పొరపాటుకు కొంత బలమిస్తుంది. అనంతపద్మనాభస్వామి కొలువైన అనంతగిరి మునుల తపోభూమి. ముచుకుందుడు నిద్రించింది ఇక్కడేనని, మూసీకి ముచుకుందా నది అన్న పేరు అలాగే వచ్చిందని స్థలపురాణం. తపోభూమి అంటే నిర్జనం అనుకోవడం సులువు. కానీ పురాణాల ఆశ్రమాల్లో ఆవులుంటాయి, దూడలుంటాయి, వాటిని కాసే శిష్యులుంటారు. ఊరు లేచిపోయిన పాటిగడ్డల మీద సైతం పోచమ్మ రాయి మిగిలి, పూజ అందుకునే చోట్లు తెలంగాణలో ఉన్నాయి.

పోయినదాన్ని చూపడానికి ఫొటో తీసేవారికి సాధనాలు లేకపోలేదు. పొద్దు వాలేవేళ ఏటవాలు వెలుగులో పాత దొడ్డిగోడల ఒరవడి, పాటిదిబ్బల ఉబ్బు నీడలుగా తేలతాయి, మిట్టమధ్యాహ్నం అవే కంటికి ఆనవు. అంతకన్నా ముఖ్యం శబ్దప్రమాణం: మంద తోలినవారి మాట. ఏ గుంట ఎవరిది, ఏ బాట ఎటు అన్నది చిత్రం పక్కన రాసినప్పుడే ప్రతియోగి తెలుస్తుంది.

ఈ అవసరం ఇప్పుడు కళ్లెదుటే ఉంది: పూడూరు మండలంలోని దామగుండంలో నౌకాదళ వీఎల్‌ఎఫ్ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. రామలింగేశ్వరాలయం ఉన్న ఆ అడవిలో దాదాపు 2,900 ఎకరాలు ఇందుకు కేటాయించారు. చుట్టుపక్కల పల్లెలు పశువులను మేపుకున్న నేల అది. అక్కడి మేతబాటలను, తోలుకెళ్లేవారిని వదిలేసి గుట్టను మాత్రమే చూపే చిత్రాలు రేపు ఏ సాక్ష్యం చెప్పలేవు. మనుషులతో, మందలతో తీసినవైతే పోయినదేమిటో చూపగలుగుతాయి.