వెళ్లలేకపోవడం, వెళ్లకపోవడం

మహాలయ పక్షం దగ్గరపడింది. తిథి తెలియకపోతే ఏ రోజు పెట్టాలి, విదేశంలో దర్భలు దొరక్కపోతే ఎలా అని ఏటా ఈ రోజుల్లో అడుగుతూనే ఉంటారు. వాటికి మీ పురోహితులు నాకన్నా బాగా సమాధానం చెబుతారు. ఈ వారం నా ధ్యాసంతా కెనడాలోని రెజైనాలో ఉన్న మనవాళ్ల మీద ఉంది.

కోవిడ్ కారణంగా 2021 ఏప్రిల్ 22న కెనడా మన దేశం నుంచి వచ్చే విమానాలను ఆపేసింది. ఇక్కడికి వచ్చినవాళ్లు తిరిగి అక్కడికి వెళ్లాలంటే మూడో దేశంలో దిగి, అక్కడ పరీక్ష చేయించుకోవాలి. ఇక్కడేమో రెండో ఉద్ధృతి ఇళ్లకు ఇళ్లను ఊడ్చేస్తోంది. రెజైనాకూ మనకూ పదకొండున్నర గంటల తేడా. రెజైనా ఉన్న సస్కాచ్వాన్‌లో వేసవికని గడియారాలు మార్చరు కాబట్టి ఏడాది పొడవునా అంతే. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర అయితే ఇక్కడ మర్నాడు ఉదయం తొమ్మిది. పిల్లల్ని పడుకోబెట్టి, ఫోను గోడకు ఆనించి, తండ్రి చితిని చూసిన కొడుకులున్నారు. పక్కింటివాళ్లు వచ్చి భుజం మీద చెయ్యి వేద్దామన్నా ఆంక్షలే. అంతకు ముందు ఏడాది మార్చి 26 నుంచే పదిమందికి మించి గుమిగూడవద్దని అక్కడి ప్రభుత్వం ఆజ్ఞ. ఇక్కడ మన కేంద్రం అంత్యక్రియలకు ఇరవై మందిని ఒప్పుకుంది గానీ, ఆ ఇరవై మందీ వచ్చిన ఇళ్లెన్ని?

తల కొరివి పెట్టలేకపోయానన్న బాధ ఈనాటిది కాదు. దశరథుడు పోయిన రోజున నలుగురు కొడుకుల్లో ఒక్కరూ దగ్గర లేరు. భరతుడు వచ్చేదాకా దేహాన్ని నూనె తొట్టిలో ఉంచారు. రాముడికి కబురు అందేసరికి అయోధ్యలో కర్మలన్నీ ముగిసిపోయాయి. చిత్రకూటంలో మందాకినికి దిగి నీళ్లు వదిలాడు. గారపిండిలో రేగుపళ్లు కలిపి దర్భల మీద పిండం పెట్టాడు. మిగతా కథ మీకు తెలిసిందే. కన్నతండ్రికి నిప్పు పెట్టే వీలు లేకపోయిన ఆ కొడుకే తర్వాత జటాయువుకు చితి పేర్చాడు, గోదావరిలో ఉదకం విడిచాడు. ఈ రెండు ఘట్టాలనూ కలిపి చదవమని నా మనవి. మనం విడివిడిగా చదివి, విడివిడిగా కన్నీళ్లు పెట్టుకుంటాం.

జటాయువుకు రాముడు చేసిన పని మన రోజుల్లోనూ జరిగింది. 2021లో తిరుపతిలో ముస్లిం యువకులు కోవిడ్ మృతుల అంత్యక్రియలకు ముందుకొచ్చి, హిందువుకు హిందూ పద్ధతిలో, క్రైస్తవుడికి క్రైస్తవ పద్ధతిలో జరిపించారు. అదే ఏడాది ఫిబ్రవరిలో పలాస దగ్గర పొలాల్లో పడి ఉన్న అనాథ శవాన్ని కాశీబుగ్గ ఎస్సై శిరీష గారు భుజాన మోసుకొచ్చారు. లలితా చారిటబుల్ ట్రస్టువాళ్లు తోడు నిలిచారు. ఎవరి గోత్రం ఎవరడిగారు?

పోయినవారి సంగతి అది. మిగిలినవారి మాటేమిటి? రెజైనాలో గ్రేస్టోన్ బిరీవ్‌మెంట్ సెంటర్ అని ఒకటుంది. ఆప్తుల్ని పోగొట్టుకున్నవారికి ఆసరాగా ఉండడమే దాని పని. 2020 మేలో కెనడాలోని ఇలాంటి సేవల వారూ వైద్యులూ కెనడియన్ గ్రీఫ్ అలయన్స్ పేరుతో ఒక్కటై, దుఃఖంలో ఉన్నవారి కోసం దేశమంతటికీ ఒక ప్రణాళిక కావాలని ప్రభుత్వాన్ని అడిగారు. మనవాళ్లకు అలాంటి చోటికి వెళ్లమంటే చిన్నతనం. ‘కౌన్సెలింగా? మాకేమైనా పిచ్చా?’ అంటారు. గరుడ పురాణం మాత్రం చదివిస్తారు. చావు తర్వాతి పది రోజులూ ఇల్లు ఖాళీగా ఉండకూడదని, రోజూ సాయంత్రం నలుగురూ వచ్చి కూర్చోవాలని కూడా కదా ఆ పఠనం! నరకం శిక్షల పట్టిక ఒక్కటే మనకు గుర్తుండిపోయింది.

అసలు నా కోపం వేరే చోట ఉంది. విమానాలు 2021 సెప్టెంబరు 27న మళ్లీ మొదలయ్యాయి. ఆ రోజులు సరిగ్గా మహాలయ పక్షమే. పదిమంది లెక్కా ఎప్పుడో పోయింది. కానీ మహమ్మారి ఇచ్చిన మినహాయింపును మనం మాత్రం వదులుకోలేదు. నాలుగు వీధుల అవతల చావు జరిగితే వాట్సాప్‌లో ‘ఓం శాంతి’ అని, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి, ఆ పూట పని అయిపోయిందనుకుంటున్నాం. రెజైనాలో మైనస్ ముప్పై చలి సాకు, మనకు ట్రాఫిక్ సాకు. ఆచారవంతులకు మైల సాకు. మైల పడితే స్నానం చేస్తే పోతుంది, పలకరించలేదన్న మాట ఎన్ని స్నానాలు చేస్తే పోతుంది? శవం లేచేదాకా పొయ్యి వెలిగించని ఇంటికి క్యారియర్ పట్టుకెళ్లడం మన అమ్మలు ఎవరూ నేర్పకుండానే చేశారు.

ఆ రెండేళ్లలో మీరు వెళ్లలేకపోయిన ఇళ్లు ఉంటాయి. ఈ పక్షంలో ఒక్క ఇంటికైనా వెళ్లండి. ఇన్నేళ్లయ్యాక ఏం మాట్లాడతాం అనుకోకండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆయన చివరి రోజుల్లో ఏమన్నాడో, ఏ ఆసుపత్రిలో మంచం దొరకలేదో వాళ్లే చెబుతారు. మధ్యలో అడ్డుపడి మీ బాబాయికి ఆక్సిజన్ ఎలా దొరికిందో ఎత్తకండి.