మా అమ్మ సంగతి

పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా అమ్మ నాతో మాట్లాడ్డం మానేసింది. ఇరవై రెండు రోజులు. ఊరికెళ్తే అన్నం పెట్టింది, చెంబుతో నీళ్లు పెట్టింది, మాట మాత్రం లేదు. నేను చేసిన నేరమల్లా ఆమె గురించి రాయడమే.

మేం పన్నెండు మందిమి. నెలకొక ఆదివారం టౌన్లో అంబేద్కర్ భవనం వెనక గదిలో కూర్చుంటాం. ఒక ఆశా వర్కరు, ఒక బ్యాంకు అటెండరు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన, నాలాంటి పంతుళ్లు. ఎవరి బతుకు వాళ్లు రాసుకొచ్చి చదువుతాం. మా వంశంలో కాగితం మీద వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటివాణ్ణి నేను. రాయడమంటే నాకు అంత ఆబ.

ఆ గదిలో ఒకరోజు మా అమ్మ సంగతి చదివాను. నా చదువు కోసం ఒక కామందు దగ్గర ఆమె పదిమందిలో పడ్డ అవమానం. అదేంటో ఇక్కడ రాయను. ఏ పనిలో ఉండగానో, ఏ సంవత్సరమో కూడా రాయను. చదివి ముగించేసరికి గదిలో చప్పుడు లేదు. ఆశా వర్కరు కొంగుతో కళ్లు తుడుచుకుంది. 'ఇది అచ్చులో రావాలి మాస్టారూ' అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. దుఃఖంతో కాదు, సంతోషంతో. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

మా పిల్లల్లో ఒకడు ఆ కాగితాల్ని సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకున్నాడు. మంచి మనసుతోనే తీసుకున్నాడు. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మా పక్క ఊళ్లో మైకు ముందు దాన్ని చదివాడు. అమ్మ పేరు మార్చాడు, ఊరి పేరు తీసేశాడు. ఏం లాభం? తల్లి ఫలానా కూలిపని చేసేది, కొడుకు ఫలానా బడిలో పంతులు అంటే మా వైపు పసిపిల్లాడైనా చెప్పేస్తాడు. నాలుగో రోజు పంపు దగ్గర ఒకామె మా అమ్మతో అంది: 'నీ కొడుకు నీ గురించి శానా బాగా రాశాడంట గదా వదినా.' ఆమె ఎకసెక్కానికి అనలేదు. మెచ్చుకోలుగానే అంది.

ఇరవై మూడో రోజున అమ్మ నోరు తెరిచింది.

'వాడు పదిమందిలో పెట్టాడు. నువ్వు ఊరందరిలో పెట్టావు. వాడంటే పగోడు. నువ్వెవరివిరా?'

మన మీటింగుల్లో చెప్పే మాటే నేనూ చెప్పాను. 'సిగ్గు వాడిదమ్మా, నీది కాదు.'

'వాడిదైతే వాణ్ణి అడగరేంది? పంపుకాడ నన్నెందుకు అడగతన్నారు?'

నా దగ్గర జవాబు లేదు. న్యాయానికి సిగ్గు వాడిదే. కానీ న్యాయం ప్రకారం సిగ్గు పంచిపెట్టే ఊరు ఇంకా పుట్టలేదు. నేను టౌన్లో ఉండి ఆ మాట అనగలను. ఆమె అదే ఊళ్లో, అదే పంపు దగ్గర బిందె పట్టుకుని నిలబడాలి.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అంటారు. ఆ సామెత ఇల్లూ తలుపూ గడియా ఉన్నోళ్లది. మాకు తడికే తలుపు. ఆడోళ్లు తెల్లారకముందే లేచి తడిక చాటున నీళ్లు పోసుకునేవాళ్లు. హాస్టల్లో హాలంతా ఒకే చాప. బళ్లో స్కాలర్‌షిప్ కాగితాలు వచ్చినప్పుడల్లా సారు 'ఎస్సీ పిల్లలు లేవండి' అనేవాడు. క్లాసంతా మా వంక చూసేది. మా బతుకు ఎప్పుడూ బజార్లోనే ఉంది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు కూర్చుని, గోప్యత కూడా ప్రాథమిక హక్కేనని, 21వ అధికరణంలో ఉన్న జీవించే హక్కులో భాగమని చెప్పారు. మంచిదే. కానీ ఆ హక్కు వాడదాకా నడిచి రావాలంటే మధ్యలో శానా దూరం ఉంది.

నేను పంతులయ్యాక చేసిన మొదటి పని, ఆ కాగితాల కోసం పిల్లల్ని లేపి నిలబెట్టకపోవడం. ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి తీసుకుంటాను. నా బళ్లో పిల్లలకి ఇచ్చిన ఆ మర్యాద నా కన్నతల్లికి ఇవ్వలేకపోయాను. ఆమెను లేపి నిలబెట్టాను. అందరూ చూశారు.

ఈ సంగతి మా గదిలో చెబితే ఒక మిత్రుడు గట్టిగానే తగులుకున్నాడు. 'ఇట్టా దాచుకుంటా పోతే ఇక మనమేం రాస్తాం? 1991లో చుండూరు జరిగింది. బాధితులు కోర్టులో నిలబడి సాక్ష్యం చెప్పారు గనకే 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలేసింది. నోరు మూసుకుంటే లాభపడేది దొరలే గదా?' నిజమే. 2014లో హైకోర్టు ఆ శిక్షల్ని కొట్టేసింది, అది వేరే దుఃఖం. అయినా ఆ సాక్షుల్ని తలుచుకుంటే ఒక్క సంగతి కనపడతాది. నిలబడింది వాళ్లే. ఏం పోగొట్టుకుంటామో తెలిసి నిలబడ్డారు. మా అమ్మ విషయంలో నిలబడింది నేను, పోగొట్టుకుంది ఆమె.

బాబాసాహెబ్ తన అనుభవాలు రాసిన చిన్న పుస్తకం 'వీసా కోసం నిరీక్షణ' 1990లో అచ్చయింది. అందులో బరోడా సంగతి ఉంది. ఆయనంతటివాడు తలదాచుకోడానికి చోటు దొరక్క, పార్శీ పేరు పెట్టుకుని పార్శీల సత్రంలో దిగాడు. గుట్టు తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆ సంగతిని తనే, తన పేరుతోనే రాశాడు. అదే పుస్తకంలో కాఠియావాడ్ వైపు బడిపంతులు ఒకాయన ఉన్నాడు. బాలింతైన భార్యకి జబ్బు చేస్తే డాక్టరు ముట్టుకోలేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చి, అతని చేత పంతులికి ఇప్పించాడు. ఆమె చచ్చిపోయింది. 1929లో 'యంగ్ ఇండియా'లో వచ్చిన ఉత్తరం అది. అందులో పేర్లు లేవు. పగ తీర్చుకుంటారని భయపడి ఆ పంతులే వద్దన్నాడని అంబేద్కర్ రాశాడు. పేర్లు లేవని ఆ చావు అబద్ధమైందా? దాదాపు వందేళ్లయినా ఆ థర్మామీటరు మన కళ్ల ముందుంది.

తన సంగతి తను చెప్పుకోడానికి తెగువ కావాలి. పక్కవాళ్ల సంగతి చెప్పడానికి వాళ్ల మాట కావాలి. ఈ రెండూ ఒకటేననుకున్నాను ఇన్నాళ్లూ.

నాకూ ఒక గుట్టుంది. టౌన్లో అద్దిల్లు చూడ్డానికెళ్తే ఓనరమ్మ 'మీరేవిట్లు?' అని అడిగింది. నా భార్య ఇంకో కులం పేరు చెప్పింది. నేను నోరు మూసుకున్నాను. రెండేళ్లు ఆ ఇంట్లో ఉన్నాం. గోడకి బాబాసాహెబ్ ఫొటో పెట్టుకోలేదు. మా చుట్టాలొస్తే గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. ఇది రాసేముందు నా భార్యనడిగాను. 'ఇప్పుడా ఇంట్లో లేం గదా, రాసుకో' అంది. ఆ ఇంట్లోనే ఉంటే రాయనిచ్చేది కాదు, నేనూ రాసేవాణ్ణి కాదు. మనం పిరికివాళ్లమని కాదు. పిల్లల్ని ఏ అరుగు మీద పడుకోబెట్టాలనే ప్రశ్న ఉంటుంది.

ఇప్పుడు మా గదిలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. చదివేటప్పుడు ఫోన్లు సంచుల్లో ఉంటాయి. విన్నది విన్నవాళ్ల దగ్గరే ఆగాలి, రాసినవాళ్లు ఒప్పుకుంటేనే గడప దాటాలి. 'ఇంతకీ ఆమె ఎవరు?' అని అడగకూడదు. చెప్పలేనివాళ్లు చెప్పకపోయినా సరే, కూర్చుని వినొచ్చు. పేరు మార్చి చేతులు దులుపుకుంటే చాలదు, ఊరూ పనీ చుట్టరికమూ కలిపి చూస్తే మనిషి దొరికిపోతుందేమో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఈ రాత వల్ల దెబ్బ ఎవరి మీద పడుద్దో వాళ్లని అడగాలి. కొట్టినోణ్ణి అడగక్కర్లేదు.

దీంతో అంతా తేలిపోయిందని అనను. నేను రాయలేదు గనక ఆ కామందు పేరు ఎక్కడా లేదు. అమ్మ మౌనం వాడికి కూడా గొడుగైంది. ఆ బాధ నాకు పోలేదు, పోవాలని కూడా లేదు. కానీ వాడి ముఖం ఎండలోకి లాగడానికి మా అమ్మనే తాడుగా వాడే హక్కు నాకు లేదు.

ఈ వ్యాసం పోయిన వారం అమ్మ దగ్గర కూర్చుని మొత్తం చదివి వినిపించాను. ఆమెకి చదువు రాదు. వక్కాకు నములుతా విన్నది. పంపుకాడి మాట దగ్గర 'ఉండనీ' అంది. ఇంకోచోట ఆపి, 'ఆ ముక్క తీసెయ్' అంది. ఎందుకని అడగలేదు.

తీసేశాను.