అకరణమున దోషము కలదా?

చేయరాని పని చేసినవానిని దండించుట రాజ్యమునకు అనాదిగా ఉన్న అధికారమే. ఏ పనియు చేయక తన యింట తాను కూర్చున్నవానిని, నీవు ఫలాని వస్తువు కొనలేదు గనుక జరిమానా చెల్లింపుమని రాజ్యము పలుకవచ్చునా యన్నది మాత్రము ధర్మచింతకులు నిలిచి ఆలోచింపదగిన ప్రశ్న. 2012 మార్చి నెలలో అమెరికా సుప్రీంకోర్టు మూడు దినములు వినిన వాదములకు ఈ ప్రశ్నయే హృదయము. ఒబామా అధ్యక్షుడుగా 2010లో సంతకము చేసిన ఆరోగ్యచట్టము, 2014 మొదలుకొని పౌరులందరును, చట్టమే మినహాయించిన కొందరు తప్ప, ఆరోగ్యబీమా కలిగి యుండవలెనని శాసించినది. లేనివారు ఆదాయపు పన్నుతోపాటు జరిమానా కట్టవలెననినది. 2016 నాటికి ఆ జరిమానా మనిషికి 695 డాలర్లు, లేక పన్ను పరిమితికి మించిన ఆదాయములో నూటికి రెండున్నర వంతు, వీనిలో ఏది పెద్దదో అది. నేడు బీమాను కొనుమన్న ప్రభుత్వము రేపు బ్రోకలీని కొనుమనరాదా యని న్యాయమూర్తి స్కాలియా అడిగిన మాట దేశమంతట మారుమ్రోగినది.

అదే 2012 జూన్ 28న తీర్పు వెలువడినది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ వ్రాసిన దాని సారమేమనగా, వాణిజ్యమును నియమించు అధికారము కాంగ్రెసుకు కలదు గాని, వాణిజ్యములో అడుగిడనివానిని బలిమిని అందులోనికి దింపు అధికారము లేదు. అయినను ఆ జరిమానాను ఒక పన్నుగా భావింపవచ్చును గనుక శాసనము నిలుచును. తొమ్మండుగురిలో ఐదుగురు దానిని నిలిపిరి, నలుగురు కాదనిరి. చేయుటకును చేయకుండుటకును నడుమ గీచిన ఆ గీతను న్యాయశాస్త్రపు సాంకేతికాంశముగా భావించి చాలమంది దాటిపోయిరి. నాకు మాత్రము అది మన భాష్యకారుల సభలో ఎన్నడో విన్న వాదమువలె తోచినది.

సంధ్యావందనాదులైన నిత్యకర్మలను చేసినందువలన ప్రత్యేకఫలము రాకున్నను, చేయకున్నచో ప్రత్యవాయము కలుగునని కర్మవాదుల సిద్ధాంతము. శంకరభగవత్పాదులు గీతాభాష్యమందును తైత్తిరీయభాష్యమందును దీనిని ఎదిరించిరి. చేయకపోవుట యనునది అభావము. అభావమునుండి భావరూపమైన పాపము పుట్టుట యెట్లు? ఇంతవరకు వినినవాడు, శంకరులు కర్మ మానినవానిని నిర్దోషిగా విడిచిపెట్టిరని తలపవచ్చును. అట్లు విడువలేదు. విహితకర్మ నాచరింపకుండుట పూర్వము కూడిన దురితమునకు లక్షణమే కాని కారణము కాదని వారి సమాధానము. దోషము అకరణములో లేదు; అకరణమునకు ముందే ఉన్నది; అకరణము దానిని బయటపెట్టును.

అమెరికా వివాదమున ఇరుపక్షములవారికిని అందని సూక్ష్మము ఇక్కడ ఉన్నదని నా నమ్మకము. బీమా కొనకపోవుటయు ఒక ఆర్థికక్రియయే యని ఒక పక్షము, ఏమియు చేయనివానికి బాధ్యత యెక్కడిదని రెండవ పక్షము వాదించినవి. కొనకపోవుటలో స్వయముగా ఏ నేరమును లేదు. ఇంతవరకు రాబర్ట్స్ తర్కము సరియైనదే. కాని ఆ కొననివాడు ఏ సంబంధమును లేని శూన్యస్థానమున కూర్చుండి యున్నాడా? ఆ కూర్చున్న చోటికి ముందేమున్నదని అడుగవలెను గదా.

మనుష్యుడు పుట్టుటయే ఋణములతో పుట్టునని వేదవాక్యము. దేవ ఋషి పితృ ఋణములు మూడని తైత్తిరీయసంహిత చెప్పగా, శతపథబ్రాహ్మణము నాల్గవదానిని చేర్చినది: తోటి మనుష్యులయెడల ఋణము. ఇంటికి వచ్చినవానికి చోటు చూపి అన్నము పెట్టుట దానిని తీర్చు మార్గమని ఆ గ్రంథము నిర్దేశించుచున్నది. ఈ నాల్గవ ఋణము ఆధునికరాజ్యమున ఎంత పెరిగినదో ఆలోచింపుడు. అమెరికాలో వైద్యవిద్య ముగించిన యువకుడు ఆసుపత్రిలో శిక్షణ పొందు సంవత్సరముల వ్యయములో పెద్దభాగమును వృద్ధుల కొరకైన మెడికేర్ నిధి భరించుచున్నది. అనగా చేయి తిరిగిన ప్రతి శస్త్రవైద్యుని చేతిలోను ప్రజాద్రవ్యము కలదు. మశూచి మన తాతల కాలమున ఊళ్లను తుడిచిపెట్టినది. నేడు పుట్టిన బిడ్డ దాని పేరైన ఎరుగదు. ఆ బిడ్డ తాను కొననిదానిని అనుభవించుచున్నది.

వీనికంటెను స్పష్టమైనది మరియొకటి. 1986లో రీగన్ పాలనలో వచ్చిన చట్టము ప్రకారము, మెడికేర్ సొమ్ము తీసికొను ఏ ఆసుపత్రియైనను, అత్యవసర విభాగము ఉన్నచో, తలుపు తట్టినవానిని డబ్బు కలదా యని చూడక పరీక్షింపవలెను. ప్రాణాపాయస్థితిలో ఉన్నచో ఆ స్థితి కుదుటపడువరకు చికిత్స చేయవలెను. ఇరువదియైదేండ్ల యువకుడు, నాకు రోగము లేదు, బీమా వలదు, నా బ్రతుకు నాది యని పలికి మోటారుసైకిలెక్కి పోవుచున్నాడనుకొనుడు. ఆ రాత్రి ఏ మలుపులో పడినను అతనిని ఎత్తుకొని పోవు వాహనమును, మేలుకొని యుండు వైద్యుడును ఉన్నారు. అతడు పడకపోవచ్చును, నూరేండ్లు క్షేమముగ బ్రతుకవచ్చును. అయినను ప్రతిరాత్రియు ఆ అభయము అతనికి ఇయ్యబడుచునే యున్నది, ఆ అభయమునకు ఎవరో వెల కట్టుచునే యున్నారు. అభయదానము దానములలో గొప్పదని నమ్మిన జాతివారము మనము. అభయమును పొందుట ఏమియు పొందకుండుటతో సమానమని మనము అనజాలము. పొందినదానిని తిరిగి యియ్యక అనుభవించువాడు చోరుడే యని గీతలో మూడవ యధ్యాయము కఠినముగ పలికినది. ఆ యువకుని చోరుడనుటకు నాకు నోరు రాదు, ఏలననగా అతనికి ఈ సంగతి ఎవ్వరును చెప్పి యుండరు. ఋణస్థుడనుటకు మాత్రము సంకోచింపను.

బలవంతపు దానమున పుణ్యమెక్కడిదని కొందరు ధార్మికులు అడిగిరి. మనస్సు కష్టపెట్టుకొని యిచ్చినది రాజసమని గీతయే చెప్పుచున్నది గనుక ప్రశ్న ఉచితమైనదే. కాని దానమునకు కావలసిన మనఃప్రసాదము ఋణము తీర్చుటకు అక్కరలేదు. అప్పు ఏడ్చుచు తీర్చినను తీరును. తైత్తిరీయమున శిక్షావల్లి ఇచ్చు విధములను చెప్పుచు శ్రద్ధతో, సిగ్గుతో ఇయ్యవలెనని పలికి, భయముతోనైనను ఇయ్యవలెనని చేర్చినది. స్వయముగ వైద్యుడై, 12వ శతాబ్దమున యూదుల ధర్మశాస్త్రమును క్రోడీకరించిన మైమోనిడీస్, పేదలకు తన వంతు ఇయ్యనివానిని ధర్మసభ నిర్బంధింపవచ్చునని విధించెను. వ్యక్తిస్వాతంత్ర్యమును గూర్చి 1859లో గ్రంథము వ్రాసిన మిల్ సైతము, న్యాయస్థానమున సాక్ష్యము చెప్పుట, దేశరక్షణలో తన పాలు మోయుట వంటి పనులకు మనుష్యుని నిర్బంధించుట న్యాయమేయని యొప్పుకొనెను.

ఇక ఆ ఆరోగ్యచట్టమున చాలమంది అంతగా పట్టించుకొనని ఒక మినహాయింపును గూర్చి కొంత విస్తరించి చెప్పవలెను. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా మొదలగు రాష్ట్రములలో ఆమిష్ అను క్రైస్తవశాఖవారు గుఱ్ఱపుబండ్లతో, గుఱ్ఱపు నాగళ్లతో వ్యవసాయము చేసికొని బ్రతుకుచున్నారు. బీమా కొనుట దైవముపై విశ్వాసలోపమనియు, ఆపన్నుని ఆదుకొనవలసినది సోదరసమాజమే గాని ఒప్పందపత్రము కాదనియు వారి మతము. 1961 వసంతమున పెన్సిల్వేనియాలో వాలెంటైన్ బైలర్ అను ఆమిష్ రైతు సామాజికభద్రతా పన్ను కట్టనందున, పొలము దున్నుచుండగా పన్ను అధికారులు వచ్చి అతని మూడు గుఱ్ఱములను పట్టుకొనిపోయి అమ్మివేసిరి. దేశము సిగ్గుపడినది. 1965లో కాంగ్రెసు స్వయముపాధితో బ్రతుకు ఆమిష్ వారిని ఆ పన్నునుండి విడిచినది. అయితే తన క్రింద పని చేయువారి పేర పన్ను కట్టననిన మరియొక ఆమిష్ వానికి 1982లో సుప్రీంకోర్టు ఆ స్వేచ్ఛను నిరాకరించినది. 2010నాటి ఆరోగ్యచట్టము, 1950 నుండి తమవారిని తాము పోషించుకొనుచున్న ఇట్టి శాఖలను తన బీమావిధినుండి మినహాయించినది.

ఇది పక్షపాతమని ఆక్షేపించినవారు కలరు. నాకది ఆ చట్టమునందలి మిక్కిలి వివేకముగల వాక్యముగా కన్పట్టుచున్నది. ఆమిష్ రైతు, నాకు ఋణము లేదని అనుటలేదు. నా ఋణము మరియొక చోట, ఇంతకంటె బిగువుగా, తీరుచున్నదని అనుచున్నాడు. ఒకని బిడ్డకు శస్త్రచికిత్స జరిగినచో సంఘములోని కుటుంబములన్నియు చందాలెత్తి, చాలనిచో పొరుగు సంఘములను అర్థించి, వస్తువులు వేలము వేసి, ఆసుపత్రికి రొక్కము చెల్లించును. రాజ్యము కోరిన వంతుకంటె వారి మతము కోరు వంతు పెద్దది. మోటారుసైకిలు యువకుని నిరాకరణమును ఆమిష్ వాని నిరాకరణమును ఒకే స్వాతంత్ర్యమని తూచుట పొరపాటు. ఒకడు బంధమును కాదనుచున్నాడు. రెండవవాడు మరింత దగ్గరి బంధమును కోరుచున్నాడు.

ఇంతవరకు నిర్బంధపక్షమున మాటాడితిని. ఆ పక్షమున ఇంకొక మాటయు కలదు. నిర్బంధము లేనిచో ఏమగునో 1990ల దశకమున న్యూయార్కు చూచినది: రోగిని తిరస్కరింపరాదని శాసించి, ఆరోగ్యవంతుడు చేరితీరవలెనని శాసింపకపోగా, సొంతముగ బీమా కొనువారి ప్రీమియములు సామాన్యునికి అందకుండ పెరిగినవి. మధుమేహమో కేన్సరో ఉన్నదని లోగడ గెంటివేయబడిన వారికి తలుపు తెరచుట 2010నాటి చట్టములోని కరుణ. అందరును రావలెననుట ఆ కరుణకు వెల.

కాని ఋణము మనుష్యులకు గదా, వర్తకునికి చెల్లింపుమనుట యేమి? నా మనస్సు ఎదురు తిరుగునది ఇచ్చటనే. ఆ చట్టము వ్యక్తులకు అమ్ము బీమాలో ప్రతి నూరు డాలర్లకు ఎనుబదియైనను చికిత్సకు, నాణ్యతకు వెచ్చింపవలెనని కంపెనీలకు విధించినది. మిగిలిన ఇరువదిలో కార్యాలయవ్యయమును, ప్రకటనలును, లాభమును కలవు. పైగా చౌకపత్రము కొన్నవాడు వేల డాలర్లు తన జేబునుండి పెట్టినపిదప గాని పలు చికిత్సలకు కంపెనీ చేయి కదలదు. ధర్మమని చెప్పి పిలిచి అంగడికి తోలినచో మనస్సాక్షి మొరాయించుట సహజమే, దానిని స్వార్థమని తోసివేయరాదు. స్విట్జర్లాండు 1996 నుండి అందరును బీమా కొనితీరవలెనని నిర్బంధించుచున్నది. కాని ఆ మూలబీమాపై కంపెనీలు లాభము తీయరాదని కూడ శాసించినది. అక్కడను ప్రీమియముల భారము తేలికైనది కాదు, అయినను ఆ భారము రోగులవైపే పోవుచున్నదన్న నమ్మకము పౌరునికి కలదు. మన దేశమున 1948నాటి చట్టముచే ఏర్పడిన ఇ.ఎస్.ఐ. అను కార్మికబీమా సంగతియు అంతే. నూరు రూపాయల జీతమునకు కార్మికుడు ముప్పావు, యజమాని మూడుంబావు నేడు నిర్బంధముగ చెల్లింపవలసి యున్నది. అది చేరునది చట్టముచే పుట్టిన సంస్థకు, సనత్‌నగరు ఆసుపత్రివంటి వానికి. ఆ ఆసుపత్రులను గూర్చి కార్మికులకు ఫిర్యాదులెన్నియైన ఉండవచ్చును. తమ సొమ్ము ఎవరి లాభమునకో పోవుచున్నదన్న ఫిర్యాదు మాత్రము ఉండనక్కరలేదు.

2017 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు జరిమానాను సున్న చేసినది. 2019 నుండి అది అమలైనది. విధివాక్యము చట్టమున అట్లే యున్నది, దండము లేదు. మసాచుసెట్స్ 2006లో తాను తెచ్చుకొన్న నిర్బంధమును విడువలేదు. న్యూజెర్సీ, కాలిఫోర్నియా వంటివి తమ జరిమానాలను తాము విధించుకొన్నవి. బీమా సంత కూలునని పలువురు భయపడిరి. ప్రభుత్వము ప్రీమియములలో సాయము చేయుచున్నందున కూలలేదు. కనుక దండమొక్కటే ఆధారమని వాదించుట ఇక సాధ్యము కాదు. స్విట్జర్లాండు చేసినట్లు మూలబీమానుండి లాభమును తొలగింపక పూర్వము ఆ దండమును మరల తెచ్చుటకు నేను సమ్మతింపజాలను. తొలగించిన పిమ్మట, నాకు వలదనువాని యెదుట నిలిచి, నీ నాల్గవ ఋణము ఎక్కడ తీరుచున్నదో ఆమిష్ రైతువలె చూపుమని అడుగుటకు వెనుదీయను. చూపలేనివాడు జరిమానా కట్టవలసినదే.