ఆమెకే ఎందుకివ్వాలి?

‘స్త్రీ చదువుకుంటే కుటుంబం మొత్తం చదువుకున్నట్టే.’ ఈ మాటని ఏదో ఒక బడిగోడ మీద చూస్తూనే పెరిగాం మనలో చాలామంది. చెడ్డ ఉద్దేశంతో రాసిన మాటేం కాదు. కానీ మగపిల్లాడి చదువు గురించి ఇలాంటి నినాదం గోడ మీద ఎప్పుడైనా కనపడిందా? వాడు చదువుకోడానికి కారణం చెప్పనక్కర్లేదు. పిల్లాడు, చదువుకుంటాడు, అంతే. అమ్మాయి దగ్గరికొచ్చేసరికి మాత్రం లాభం చూపించాలి. ఇల్లు బాగుపడుతుంది, పిల్లలు బాగుపడతారు, దేశం బాగుపడుతుంది.

అభివృద్ధి రంగంలో ఇదే మాట పెద్ద బడ్జెట్లతో తిరుగుతుంటుంది. కొన్నాళ్ళు నేను ప్రాజెక్టు పత్రాల్ని తెలుగులోకి అనువదించే పని చేశాను. మానవ హక్కులు, జెండర్ సమానత మా మార్గదర్శక సూత్రాలు అని దాదాపు ప్రతి పత్రం మొదటి పేజీలోనూ ఉండేది. పదో పేజీకి వెళ్తే స్త్రీలకే డబ్బెందుకు ఇస్తున్నారో తెలిసేది. తిరిగి కడతారు. పిల్లల మీద ఖర్చు పెడతారు. తాగుడికి తగలెయ్యరు. ముందు ‘హక్కుదారు’ అని రాసిన మనిషినే కొన్ని పేజీల తర్వాత ‘లబ్ధిదారు’ అని రాయాల్సొచ్చేది. ప్రపంచ బ్యాంకు 2006లో తెచ్చిన జెండర్ కార్యాచరణ ప్రణాళిక అయితే ఈ లెక్కని దాచుకోలేదు కూడా. స్త్రీ పురుష సమానత అంటే తెలివైన ఆర్థికశాస్త్రం అని దాని పేరులోనే పెట్టుకుంది.

కారణం ఏదైతేనేం, డబ్బు ఆమె చేతికి అందుతోంది కదా అనొచ్చు. తేలిగ్గా కొట్టిపారేసే ప్రశ్న కాదిది. ఇవ్వడం వెనక ఉన్న కారణం పుచ్చుకునేవాళ్ళకి ఎందుకు ముఖ్యం కావాలి?

దీనికి జవాబు నాకు తత్వశాస్త్రంలో కన్నా నెల్లూరు జిల్లాలో ఎక్కువ కనిపిస్తుంది. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రిబడి వాచకాల్లో సారా గురించి పాఠాలున్నాయి. దూబగుంట ఆడవాళ్ళు పాఠం చదివి ఊరుకోలేదు, వెళ్ళి సారా దుకాణం మూయించారు. 1992లో అది జిల్లా అంతా పాకింది, వేలంపాటల్ని అడ్డుకుంది, తర్వాత రాష్ట్రమంతా వ్యాపించింది. 1993 అక్టోబరులో సారాని నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది, ఖజానాకి రాబడి కావాలి మరి.

ఆ నెల్లూరులోనే, ఆ రోజుల్లోనే, ఆడవాళ్ళు రోజుకో రూపాయి దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు ఉద్యమం అన్నారు దాన్ని. 1982 నుంచీ ఉన్న డ్వాక్రా పథకం మన దగ్గర ఊరూరికీ చేరింది ఈ ఊపులోనే. వేలంపాట ఆపిందీ, రూపాయి కూడబెట్టిందీ ఆ ఆడవాళ్ళే. ప్రభుత్వాలు మాత్రం రెండో పనిని నెత్తిన పెట్టుకుని మొదటిదాన్ని పక్కకి నెట్టేశాయి. పొదుపు చేసే స్త్రీ వల్ల వడ్డీ వస్తుంది. సారా వద్దనే స్త్రీ వల్ల రాబడి పోతుంది. లాభం చూసి గౌరవించేవాళ్ళు లాభం పోయిన చోట ఆగిపోతారు.

ఇంకాస్త దూరం వెళ్తే 2010. అప్పటికి మైక్రోఫైనాన్స్ కంపెనీలు ఊళ్ళలో బాగా పాతుకుపోయాయి. కొందరు ఆడవాళ్ళు కలిసి ఒక గుంపు, ఒకరు కట్టకపోతే మిగతావాళ్ళు కట్టాలి. తాకట్టు లేని అప్పు అని చెప్పేవాళ్ళు. తాకట్టు లేకేం, పరువు ఉంది. వాయిదా తప్పితే మనుషులొచ్చి ఇంటి ముందు కూర్చునేవాళ్ళు, కొన్ని చోట్ల గుంపులో వాళ్ళనే తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ఆత్మహత్యల వార్తలు వరసగా వచ్చాక ఆ అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వాయిదాలు పోయి నెల వాయిదాలు వచ్చాయి. వసూళ్ళు గడప దగ్గర కాదు, పంచాయతీ ఆఫీసు లాంటి చోట జరగాలన్నారు. వడ్డీ అసలుని మించకూడదన్నారు.

ఆ అప్పులు మగవాళ్ళకి ఎందుకివ్వలేదు? ఊరొదిలి పోగలరు, అడగడానికొచ్చినవాణ్ణి కసిరి పంపగలరు. ఆడమనిషి పిల్లల్ని వదిలేసి ఎక్కడికి పోతుంది? పెద్ద పెద్ద వేదికల మీద ఆమె నమ్మకం, నిజాయితీ అని మెచ్చుకున్నదాంట్లో కొంత భాగం ఆమె ఎక్కడికీ పోలేకపోవడమే. ఆ నిస్సహాయతని తీసేయడమే అభివృద్ధి అయితే, దాని మీదే కట్టిన పథకాన్ని ఏమనాలి?

క్షేత్రంలో పనిచేసే స్నేహితులు ఇక్కడ నా మీద విసుక్కుంటారు. “హక్కు అంటే బ్యాంకు మేనేజరు దగ్గర ఫైలు కదలదు. నూటికి తొంభై ఎనిమిదిమంది కడుతున్నారంటే కదులుతుంది” అంటారు. నిజమే. మేనేజరుతో మేనేజరు భాషలో మాట్లాడ్డంలో తప్పు లేదు. ఆ భాషే పథకం రూపాన్ని నిర్ణయిస్తే వస్తుంది చిక్కు. వచ్చిన అప్పులో కొంత పెట్టి ఆమె ఓ మంచి చీర కొనుక్కుందనుకుందాం. పోనీ, తిరుపతి వెళ్ళొచ్చింది. ఫారంలో అది ‘దుర్వినియోగం’. మగరైతు పంట రుణంతో కూతురి పెళ్ళి చేస్తే మాత్రం ‘పాపం, ఏం చేస్తాడు’ అంటాం. బంగ్లాదేశ్‌లో ఆన్ మేరీ గోట్జ్, రీనా సేన్ గుప్తా 1996లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. స్త్రీల పేరు మీద తీసుకున్న అప్పుల్లో చాలావాటి మీద పెత్తనం ఇంట్లో మగవాళ్ళదేనట. కట్టే బాధ్యత మాత్రం ఆమెది. మనకిది కొత్త విషయమా?

కాంట్ మనిషిని ‘కేవలం’ సాధనంగా చూడొద్దన్నాడు. కేవలం అన్న మాట ముఖ్యం. బస్సు డ్రైవరు నాకు సాధనమే, కానీ ఆయనకి జీతం ఉంది, సెలవుంది, సమ్మె చేసే హక్కుంది. మనకి ఉపయోగపడని రోజున కూడా ఆ మనిషి దగ్గర ఏం మిగులుతుందో చూడాలి.

అందుకే నాకు భూమి సంగతి గుర్తొస్తుంది. 1985 సెప్టెంబరు నుంచి వర్తించేలా 1986లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం తెచ్చింది. అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా అంది. కేంద్రం చట్టం మార్చింది 2005లో, అంటే మనం ఇరవై ఏళ్ళు ముందున్నాం. కానీ పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చి, హక్కు విడుదల కాగితం మీద అక్కచెల్లెళ్ళ సంతకం తీసుకోవడం ఇప్పటికీ చాలా ఇళ్ళలో మామూలే. పుట్టింటికి రాకపోకలు ఆగిపోతాయన్న భయంతో ఆమె పెట్టేస్తుంది. డ్వాక్రా సంఘాల్లో లక్షలమంది సభ్యులున్నారు, వాళ్ళకి నెలనెలా సమావేశాలున్నాయి, పుస్తకాలున్నాయి. ఎన్ని సంఘాలు, ఎంత పొదుపు, ఎంత వసూలు అని గడులు నింపుతారు. నేను అనువదించిన పత్రాల్లో ఒక్కదాంట్లోనూ పుట్టింటి భూమిలో వాటా అడిగిన స్త్రీలు ఎంతమంది అన్న గడి లేదు.