శిఖరము చేరక మునుపే తిరిగి వచ్చుట



ఒకడు కొండ ఎక్కుటకు తెల్లవారుజామున బయలుదేరెను. దారిలో ఎక్కువ భాగము నడిచెను. కొన కన్నులకు కనబడుచున్నది. అక్కడ నిలిచి, కొంతసేపు ఆలోచించి, వెనుకకు తిరిగి దిగివచ్చెను. ఇతనిని మనము ఏమని పిలువవలెను? పిరికివాడనియా? పట్టుదల లేనివాడనియా? లేక తెలివిగలవాడనియా? మొదలుపెట్టిన పని విడిచిపెట్టరాదని పెద్దలు చిన్ననాటినుండి మనకు నేర్పిరి. అది మంచి మాటయే. అయినను విడిచిపెట్టకపోవుటవలన ప్రాణములు పోయిన సంగతులును, ఇండ్లు కూలిన సంగతులును మనము ఎరుగుదుము. కాబట్టి ఈ నెల ఈ ప్రశ్నను నెమ్మదిగా విచారింతము. ఊరక మాటలు చెప్పుకొనక, భూమిమీద నున్న ఒక కొండను, దానిమీది దారిని ఎదుట పెట్టుకొని ఆలోచింతము.

అమెరికా దేశములో యూటా రాష్ట్రపు నైరుతి మూలను జయన్ అను పేరుగల లోయ యున్నది. మనము బైబిలులో సీయోను అని చదువుచున్న పేరే అది. చుట్టును ఎడారి ప్రదేశము. వర్జిన్ అను నది ఇసుకరాతిని యుగయుగములుగా కోసికొనుచు ప్రవహించుటచేత ఇరుప్రక్కల మిక్కిలి ఎత్తైన గోడలు నిలిచినవి. దక్షిణ పాయూట్ జనులు పూర్వమునుండి ఆ ప్రాంతమున నివసించిరి. 1860 తరువాతి సంవత్సరములలో ఐజక్ బెహూనిన్ అను మార్మన్ రైతు అచ్చట గుడిసె వేసికొని, ఆ చోటు తనకు ఆశ్రయమని తలంచి దానిని సీయోను అని పిలిచెను. 1919లో అది జయన్ జాతీయ పార్కు ఆయెను.

1916లో ఫ్రెడరిక్ వైనింగ్ ఫిషర్ అను మెథడిస్టు బోధకుడు ఆ లోయను చూడ వచ్చెను. ప్రకటన గ్రంథము 20వ అధ్యాయములోని ధవళమైన మహా సింహాసనము పేరు ఒక తెల్లని కొండకు వచ్చినది అప్పుడే. ప్రక్క ప్రక్కన నున్న మరి మూడు శిఖరములకు అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు అను పేర్లున్నవి. నది యొడ్డున నిట్టనిలువుగా లేచిన ఇంకొక రాతికొండను చూచి, దానిమీద దేవదూత తప్ప మరెవరును దిగజాలరని ఆ బోధకుడు అనెనట. అందుచేత దానికి ఏంజెల్స్ ల్యాండింగ్, అనగా దూతలు దిగుచోటు, అని పేరు నిలిచెను. పదియేండ్లకు, 1926లో, మనుష్యులు ఆ రాతిని తొలిచి దానిమీదికి దారి వేసిరి.

ఆ దారి రానుపోను 5 మైళ్లకు పైన నుండును. నది మట్టమునుండి సుమారు 1,500 అడుగులు ఎక్కవలెను. శిఖరము సముద్ర మట్టమునకు 5,790 అడుగుల ఎత్తున నున్నది. మొదటి భాగము మంచి బాట. తరువాత రాతిలో కట్టిన 21 మలుపులు మడతలవలె ఒకదానిపై ఒకటి వచ్చును. పార్కు తొలి అధికారులలో ఒకడైన వాల్టర్ రూష్ పేరు వాటికి పెట్టిరి. మలుపులు దాటగానే స్కౌట్ లుకౌట్ అను విశాలమైన చోటు కలదు. అక్కడనుండి శిఖరమునకు ఇంక అర మైలు మాత్రమే.

అయితే ఆ అర మైలు వేరు. చేప వెన్నెముక వంటి సన్నని రాతి గట్టుమీద అది సాగును. కొన్ని చోట్ల రెండు ప్రక్కలను దాదాపు వేయి అడుగుల లోతు. రాతిలో నాటిన కంబములకు ఇనుప గొలుసులు తగిలించియున్నవి. అది నడకయు కాదు, త్రాళ్లు కట్టుకొని ఎక్కుటయు కాదు. కాళ్లతోబాటు చేతులను ఉపయోగించి ప్రాకుచు ఎక్కుట. ఇంతవరకు పదిమందికి పైగా ఆ కొండమీదనుండి పడి చనిపోయిరి. జనము మిక్కుటమైనందున 2022 ఏప్రిల్ 1 మొదలుకొని చీట్లు వేసి, పేరు వచ్చినవారికే ఆ చివరి భాగమునకు అనుమతి ఇయ్యసాగిరి. స్కౌట్ లుకౌట్ వరకు మాత్రము అనుమతి లేకుండ పోవచ్చును.

ఇట్టి కొండను గూర్చి ఒక సంగతి మనము గ్రహింపవలెను. ఎక్కుటకంటె దిగుట కష్టము. ఎక్కునప్పుడు చెయ్యి పట్టవలసిన చోటు కన్నుల ఎదుటనే యుండును. దిగునప్పుడు కాలు పెట్టవలసిన చోటు శరీరమునకు క్రిందను, కంటికి మరుగునను ఉండును. ఎక్కునప్పుడు బలము నిండుగా నుండును; దిగువేళకు తొడలు వణకును, సీసాలో నీళ్లు తగ్గును, ఎండ నెత్తిమీదికి వచ్చును. ఆ లోయలో వేసవి ఎండ తరచుగా 100 డిగ్రీల ఫారన్‌హీటు దాటును. వేసవి చివర మధ్యాహ్నపు వేళ ఉరుములు మెరుపులతో వాన పడుట కలదు. ఇసుకరాయి తడిసినప్పుడు జారును, దాని గట్టితనమును తగ్గును. ఉదయమున మోసిన రాయియే సాయంకాలము మోయునని నమ్ముటకు లేదు.

గొలుసు ఉన్నది గదా అని కొందరందురు. ఉన్నది. అయితే గొలుసు మనుష్యుని పట్టుకొనదు. మనుష్యుడే గొలుసును పట్టుకొనవలెను. చేతిలో బలము ఉన్నంతవరకే దాని సహాయము.

ఇప్పుడు స్కౌట్ లుకౌట్ దగ్గర నిలిచిన ఒక యౌవనస్థుని తలంచుకొందము. అతడు ముందుకు పోవుటకు తనలో తాను చెప్పుకొను కారణములేవి? ఇంత దూరము వచ్చితిని. చీటీలో నా పేరు వచ్చినది, మరల వచ్చునో రాదో. నా స్నేహితులు పోవుచున్నారు. పైనుండి తీసిన ఫొటో ఇంటికి పంపవలెను. వీటిలో ఒక్కటియైనను రాయి పొడిగా నున్నదా, కాలు స్థిరముగా నున్నదా, నీళ్లు చాలునా అను ప్రశ్నలకు జవాబు కాదు. దారి ఖర్చుపెట్టితిమి గనుక ప్రాణమును కూడ ఖర్చుపెట్టవలెనను లెక్క ఏ వర్తకుడును ఒప్పుకొనడు. మనస్సు మాత్రము ఒప్పుకొనును.

ఇది దూరదేశపు సంగతియేనని విడిచిపెట్టరాదు. మన పల్లెలనుండి, పట్టణములనుండి ఎందరో బిడ్డలు చదువులకు, ఉద్యోగములకు ఆ దేశమునకు వెళ్లియున్నారు. సెలవు దినములలో ఇట్టి కొండలకు, జలపాతములకు వారును పోవుచున్నారు. అట్లు పోయి తిరిగి రాని తెలుగు బిడ్డల వార్తలు మన పత్రికలలో వచ్చినవి. పొలము తాకట్టు పెట్టి చదివించిన తండ్రికి, ఫోను మ్రోగునా యని కనిపెట్టుకొనియుండు తల్లికి ఆ అర మైలు దూరమైనది కాదు.

ఇక్కడ సంఘములోని పెద్దలు న్యాయముగా ఒక ప్రశ్న అడుగవచ్చును. నాగటిమీద చెయ్యి వేసినవాడు వెనుకతట్టు చూడరాదని లూకా సువార్త 9వ అధ్యాయములో ప్రభువు బోధించెను గదా? లోతు భార్య వెనుకకు చూచుట తప్పాయెను గదా? అట్లయిన యెడల తిరిగి వచ్చుటను మెచ్చుకొనుట ఎట్లు?

ఈ ప్రశ్నను దాటిపోరాదు. నాగలి ఎందుకు పట్టుదురు? దున్ననిదే పంట లేదు. పంట లేనిదే ఇల్లు పస్తుండును. ఆ పని ఒకరికి అప్పగింపబడినది. దానిని విడిచిన యెడల నష్టము ఇతరులకు కలుగును. కొండ శిఖరము అట్టిది కాదు. దానిని ఎవరును మనకు అప్పగింపలేదు; మన యిష్టముచేత మనమే కోరుకొంటిమి. ఎత్తైన చోట నిలిచి దేవుని సృష్టిని చూచుట మంచి సంతోషమే, దానిని మేము తక్కువ చేయుట లేదు. అయితే మనము కోరి ఎత్తుకొన్న సంతోషమును దింపిపెట్టు అధికారము కూడ మనకున్నది. అప్పగింపబడిన పనినుండి పారిపోవుట ఒకటి. మన కోరికను మానుకొనుట మరియొకటి. రెంటికిని ఒకే పేరు పెట్టుటవలననే చిక్కు వచ్చుచున్నది.

ఈ రెండింటిని వేరుచేయుటకు రెండు ప్రశ్నలు చాలును. నేను తిరిగిపోయిన యెడల నష్టము ఎవరికి? ముందుకు పోయిన యెడల నష్టము ఎవరికి? 2020లో కరోనా వ్యాధి వచ్చినప్పుడు నర్సులును, పారిశుద్ధ్యపు పనివారును భయపడియుందురు. వారు తిరిగిపోయిన యెడల నష్టము మంచముమీద నున్న రోగికి కలిగియుండును. అందుచేత వారు నిలిచిరి. ఆ నిలుచుట నిజమైన ధైర్యము. ఆ రాతి గట్టుమీద ఈ ప్రశ్నలే అడిగి చూడుడి. తిరిగిపోయిన యెడల నష్టపడునది మన గర్వము. ముందుకుపోయి జారిన యెడల నష్టపడువారు ఇంటివారు, వెనుక వచ్చుచున్న అపరిచితులు, మనలను వెదకుటకు అదే గట్టుమీదికి రావలసిన రక్షక సిబ్బంది. మన ప్రాణము పణముగా పెట్టితిమనుకొందుము గాని అందులో ఇతరుల పాలు ఉన్నది.

మత్తయి సువార్త 4వ అధ్యాయము ఇక్కడ జ్ఞాపకము చేసికొనదగినది. దేవాలయ శిఖరమునుండి దుముకుమని శోధకుడు ప్రభువును ప్రేరేపించెను. దూతలు పట్టుకొందురని లేఖనమునే చూపెను. ప్రభువు అందుకు లోబడలేదు. ఆయనకు ధైర్యము లేక కాదు. సిలువకు నడిచినవాడు ఆయనయే. దేవుని కాపుదలను పరీక్షకు పెట్టుట విశ్వాసము కాదని ఆయన చూపెను. అవసరము లేని చోట అపాయములోనికి పోయి, దేవుడు చూచుకొనునని చెప్పుట భక్తివలె వినబడును గాని అది శోధకుని వాదమే.

అయితే ఎదుటి తట్టునుండియు ఒక అపాయము కలదు. కొందరు సోమరితనమునకు జాగ్రత్త అని పేరు పెట్టుకొందురు. చల్లని ఉదయమున, పొడిరాతిమీద, చాలినన్ని నీళ్లతో, తొందరపడక ఆ కొండ ఎక్కి వేలాదిమంది క్షేమముగా దిగివచ్చిరి. ఎన్నడును ఎక్కకుండుటయే బుద్ధి అని మేము చెప్పము. తిరుగవలసిన వేళ తెలిసినవాడే నిశ్చింతగా ఎక్కగలడని చెప్పుచున్నాము.

ఆ వేళ తెలియుట ఎట్లు? కొండ క్రిందనే నిర్ణయించుకొనవలెను. శిఖరము ఎదుట నిలిచినప్పుడు తీర్పు చెప్పువాడును మనమే, వ్యాజ్యెము వేసినవాడును మనమే. అట్టి న్యాయస్థానములో న్యాయము జరుగదు. కావున నీడలో కూర్చుండి, కోరిక ఇంకను మేల్కొనకమునుపే చెప్పుకొనవలెను: ఈ గంటకు ఎక్కడ నున్నను తిరుగుదుము, నీళ్లు సగమైనప్పుడు తిరుగుదుము, మబ్బు పట్టిన యెడల తిరుగుదుము, మనలో ఒకరు నేను రాలేనన్న యెడల అతనిని ఎగతాళి చేయము, ఒంటరిగా విడిచిపెట్టము. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనునని లూకా 14వ అధ్యాయములో ప్రభువు చెప్పిన ఉపమానము మనకు తెలియును. కొండ విషయములో దిగివచ్చు దారికూడ ఆ లెక్కలో చేరవలెను.

బోరు వేయించు రైతుకు ఇది చక్కగా తెలియును. మూడు వందల అడుగులకు నీరు పడలేదు. ఇంక యాభై అడుగులని అప్పు చేయును. తరువాత ఇంకొక యాభై. ఎంత లోతున ఆపవలెనో బోరు బండి రాకమునుపే భార్యతో కూర్చుండి నిర్ణయించుకొన్నవాడు పొలము నిలుపుకొనును. బండి హోరులో ఆ నిర్ణయము చేయుట ఎవరి తరము?

సంఘముగా మన పాలి బాధ్యత ఒకటి యున్నది. తిరిగి వచ్చినవానిని చూచి నవ్వువారు, తరువాతివానిని అంచుమీదికి నెట్టుచున్నారు. సగములో వచ్చితివా అను ఒక్క మాటకు వెరచి ఎందరు ముందుకు పోయిరో దేవునికే తెలియును. కాబట్టి మన బిడ్డ కొండకు పోవుచున్నానని ఫోనులో చెప్పినప్పుడు, ఎంత ఎత్తు అని అడుగుటకు ముందు, ఏ గంటకు తిరుగుదువు నాయనా అని అడుగుదము. శిఖరము చూడక తిరిగితినని చెప్పినప్పుడు, మంచిది, అన్నము తిని పడుకొనుమని చెప్పుదము. అప్పుచేసి బోరు ఆపివేసిన పొరుగువానితోను ఆలాగే మాటలాడుదము.