చిన్నబోయిన మనసు



ఆంగ్లంలో పిరికితనానికి అరుదుగా వాడే మాట ఒకటుంది: ప్యూసిలానిమిటీ. దీని మూలం లతీను భాష. 'పుసిల్లుస్' అంటే మిక్కిలి చిన్నది, 'అనిముస్' అంటే మనసు. శత్రువును చూసి పారిపోయేవానికి ఆంగ్లంలో వేరే మాటలున్నాయి. చేయగలిగిన మంచి పనికి కూడా "నావల్ల కాదు" అని వెనుకాడేవానికే ఈ మాట బాగా తగుతుంది.

1274లో మరణించిన పునీత తోమాసు అక్వినాసు తమ 'సుమ్మా తెయొలోజియా' గ్రంథంలో దీనిని పాపంగానే లెక్కించారు. అందుకు మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని సేవకుని చూపించారు. అతడు యజమాని సొమ్ము దొంగిలించలేదు, దుబారా చేయలేదు. భయపడి పాతిపెట్టాడు, అంతే. ఒక తలాంతు అంటే ఆనాటి కూలివానికి సుమారు 6,000 రోజుల కూలి. యజమాని ఇచ్చింది కొంచెం కాదు, సేవకుని మనసే కొంచెమైంది.

ఈ గుణాన్ని మనం తరచు వినయమని పొరబడతాం. నాకున్నది దేవుడిచ్చిందేనని ఒప్పుకోవడం వినయం. ఆయన ఇచ్చినదాన్ని లేదనడం వినయమెలా అవుతుంది? తనకు చేతకాదన్న సొంత అభిప్రాయాన్నే పట్టుకు వేలాడటంలో గర్వం కూడా ఉండవచ్చునని తోమాసు గారు హెచ్చరించారు. మోషే తన నోటి మాంద్యం చెప్పుకొని వెనుకాడాడు. కాని చివరకు దేవునికి లోబడి ఫరో ఎదుట నిలిచాడు.

మన సంగతి చూద్దాం. పెళ్ళి మాటల్లో కట్నం బేరం సాగుతుంటే, తప్పని తెలిసీ "పెద్దవాళ్ళున్నారుగా, మనకెందుకు" అని ఊరుకుంటాం. సమాధుల తోటలో కులం పేరిట గీత గీస్తే తలవంచుకు వచ్చేస్తాం. దివ్యపూజలో పఠనం చదవమంటే "నాకేం వచ్చు ఫాదర్" అని తప్పుకుంటాం.

అయితే భయపడేవారిని ఏం చేయాలి? పునీత పౌలు తెస్సలోనిక సంఘానికి రాసిన మొదటి లేఖలో (5:14) సోమరులను హెచ్చరించమన్నారు, చిన్న మనసు వారిని మాత్రం ధైర్యపరచమన్నారు. లతీను బైబిలులో అక్కడున్నది సరిగ్గా ఈ మాటే.

కనుక మీ ఇంట్లో ఎవరైనా "నావల్ల కాదు" అంటే ఎగతాళి చేయకండి. పఠనం చదవడానికి జంకే తల్లికి శనివారం సాయంత్రమే పక్కన కూర్చొని చదివించండి. కట్నం వద్దని ఒక్కరు నోరు విప్పితే, రెండవ గొంతు మీదే కానివ్వండి.